వారం రోజుల డిజాస్టర్ ట్రైనింగ్ క్యాంపు: మొంథా వచ్చిపోయాక నా రివ్యూ

కాలేజీలో జూనియర్లు మొంథా తుఫాను అయిపోయిన దగ్గర్నుంచీ ఒకటే అడగడం, అక్కా నువ్వెళ్ళావు కదా ఆ డిజాస్టర్ ట్రైనింగ్‌కి, మేమూ పేరు ఇవ్వొచ్చా, ఏమన్నా ఉపయోగం ఉందా లేక సర్టిఫికెట్ కోసమేనా అని. ఒక్కొక్కళ్ళకీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అన్నీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా. కొంచెం పెద్దదే అవుతుంది, అంత చదవలేం అనుకునేవాళ్ళు చివర్లో ఏం తీసుకెళ్ళాలో రాశా, అది చూసుకుని వెళ్ళిపోండి.

ముందే చెప్పేస్తున్నా, వెళ్ళండి. నా రేటింగ్ 5కి 3. పోయిన రెండు మార్కులు ఎందుకు పోయాయో చెప్పడానికే ఇంత సోది.

2025 వేసవి సెలవుల్లో మా ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ నుంచి పంపారు. ఒక స్వచ్ఛంద సంస్థ వేరే ఊళ్ళో ఒక కాలేజీ బిల్డింగు తీసుకుని పెట్టిన క్యాంపు. పేరు రాయను, రాయాల్సిన పని కూడా లేదు, ఇలాంటి క్యాంపులు ఎవరు పెట్టినా కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటాయని వేరే జిల్లాల్లో ఉన్న ఫ్రెండ్స్ కూడా అన్నారు. కేంద్రం వాళ్ళ ఆపద మిత్ర వేరు, దీన్నీ దాన్నీ కలిపేయకండి. అది ఎన్‌డీఎంఏ, అంటే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ళు, 2016లో వరదలొచ్చే 30 జిల్లాల్లో మొదలెట్టి తర్వాత 350 జిల్లాలకీ లక్షమంది వాలంటీర్లకీ పెంచిన స్కీము. ఇప్పుడు యువ ఆపద మిత్ర అని కొత్తగా పెట్టి ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, నెహ్రూ యువ కేంద్రాలు, స్కౌట్స్ పిల్లల్లోంచి 2.37 లక్షలమందికి నేర్పిస్తామంటున్నారు. మా క్యాంపు దాన్లో భాగం కాదు, కానీ సిలబస్ చూస్తే మాత్రం దాన్నే కుదించి వారానికి సర్దారని తెలిసిపోతుంది.

బస, భోజనం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఫీజు లేదు, బస్సు ఛార్జీలు మనవే. అన్నం, పప్పు, పచ్చడి బానే ఉండేవి, రాత్రి సాంబారు మాత్రం నీళ్ళు. అమ్మాయిలకి వేరే ఫ్లోరు, మేడమ్ ఒకావిడ తోడు పడుకునేవారు, భయం ఏమీ లేదు, బాత్రూములే తక్కువ, పొద్దున్నే 5కి లేచినోళ్ళకే ప్రశాంతత. మే నెల ఎండ సంగతి మీకు తెలుసు. ప్రారంభోత్సవానికి చీఫ్ గెస్ట్ వస్తారని గ్రౌండ్‌లో నిలబెట్టారు, ఆయన ఎంతకీ రారు, ఈలోగా మైకులో ఒక సారు వడదెబ్బ తగలకుండా ఏం చెయ్యాలో చెప్తున్నారు, ఆయన చెప్తుండగానే మా పక్క లైన్లో ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. ఫస్ట్ ప్రాక్టికల్ అదే అనుకున్నాం. మజ్జిగ ప్యాకెట్లు ఆ తర్వాతొచ్చాయి.

ఇక అసలు విషయం. ఫస్ట్ ఎయిడ్ బాగా చెప్పారు, దీనికి ఫుల్ మార్కులు. సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కడం, నేర్పినాయన రిటైరైన ఫైర్ ఆఫీసరు, ఊరికే చూపించి వదిలెయ్యలేదు, ఒక్కొక్కళ్ళనీ బొమ్మ దగ్గర మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ఫోన్‌లో నిమిషానికి 110 టిక్కులు పెట్టి దానికి సరిగ్గా నొక్కమన్నారు. నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లకి తగ్గకూడదు, ముప్పైసార్లు నొక్కాక రెండుసార్లు ఊపిరి, ఇవి పుస్తకంలో ఎవరైనా చదువుకోవచ్చు, కానీ రెండు నిమిషాలకే చేతులు ఎలా పీకేస్తాయో, పక్కోడికి ఆపకుండా ఎలా అప్పజెప్పాలో చేస్తేనే తెలుస్తుంది. సినిమాల్లో హీరో నాలుగుసార్లు గుద్దగానే లేచి కూర్చుంటారు కదా, అది చూసి చూసి మావాళ్ళంతా మెల్లగా తడుతున్నారు, సారుకి చిర్రెత్తుకొచ్చింది. పాము కాటు గురించి కూడా ఆయనే చెప్పారు. మాది దివిసీమ, 2018లో మా వైపు పాముకాట్లు ఎలా వరసపెట్టాయో అందరికీ గుర్తుంది, వరద తీశాక గట్ల మీదకీ ఇళ్ళల్లోకీ వచ్చేసేవి అవే. తాడు బిగించి కట్టొద్దు, బ్లేడుతో కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, కరిచిన కాలు కదలకుండా కర్ర పెట్టి కట్టి నేరుగా ఆసుపత్రికి, పసరు మందు దగ్గర ఆగిన ప్రతి నిమిషమూ దండగే అన్నారు. మా ఊళ్ళో ఇప్పటికీ ముందు తాడే వెతుకుతారు. ఈ ఒక్క క్లాసుకైనా వెళ్ళాలి మీరు.

నీళ్ళ సెషన్ దగ్గరకొచ్చేసరికి నాకు మండింది. చెరువులో బోటు, లైఫ్ జాకెట్లు, రింగు, తాడు విసరడం, ఖాళీ వాటర్ క్యాన్లు, ప్లాస్టిక్ బాటిళ్ళు, అరటి బోదెలతో తెప్ప కట్టడం, మునిగిపోయేవాడి దగ్గరకి మనం దూకకుండా ముందు కర్ర అందించు, లేదా తాడు విసురు, లేదా బోటేసుకెళ్ళు, ఏదీ కుదరకపోతేనే ఈదు అనే వరస, అన్నీ పనికొచ్చేవే. కానీ టీములు ఎలా చేశారో తెలుసా, అబ్బాయిలు రెస్క్యూ, అమ్మాయిలు ఫస్ట్ ఎయిడ్. మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టి చూడమన్నారు. అడిగితే డ్రెస్సులు తడుస్తాయమ్మా అంటారు. ఉప్పెనలో డ్రెస్సు చూసుకుంటామా సార్ అని మా బ్యాచ్‌లో నాగాయలంక వైపు అమ్మాయి అడిగేసింది. అప్పుడు చివర్లో కాసేపు దించారు. దివిసీమలో ఆడవాళ్ళకి ఈత రాదు, చీర కట్టుకుని చంకలో పిల్లని పెట్టుకుని ఉంటారు, ఈత నేర్పాల్సింది ముందు వాళ్ళకే కదా. ఒక మార్కు ఇక్కడ కోశా.

ముళ్ళు వెయ్యడం క్లాసులో మాత్రం భలే అయింది. ట్రైనర్ స్క్రీన్ మీద బోలైన్ ముడి బొమ్మ పెట్టి కుందేలు కన్నంలోంచి వచ్చి చెట్టు చుట్టూ తిరిగి అని ఏదో చెప్తున్నారు, ఎవరికీ ఎక్కట్లేదు. వెనక బెంచీలో జాలర్ల పాలెం నుంచొచ్చిన అబ్బాయి, వాళ్ళ నాన్నతో చిన్నప్పటి నుంచీ వేటకెళ్తాడు, తాడు అందుకుని చూడకుండానే ఒంటిచేత్తో వేసేశాడు. ఇంకో నాలుగు ముళ్ళు కూడా వేశాడు, వాటి పేర్లు ట్రైనర్‌కీ తెలీదు. ఆ మిగతా గంటా వాడే చెప్పాడు, ట్రైనర్ గారు కూడా కూర్చుని నేర్చుకున్నారు, ఆయన మంచాయన.

హెచ్చరికల క్లాసు చాలామంది నిద్రపోయారు గానీ నాకు అదే బాగా నచ్చింది. రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నెంబర్లు టీవీలో వింటూనే ఉంటాం, 3వ నెంబరు, 7వ నెంబరు, 10వ నెంబరు అని, అవి మార్కుల్లాగా పెరిగేకొద్దీ తుఫాను పెద్దదైనట్టు అనుకుంటాం అందరం. కాదట. 8, 9, 10 మూడిటిలోనూ తీవ్రత ఒకటే, తుఫాను రేవుకి ఏ పక్క నుంచి తీరం దాటుతుందన్నదే తేడా, 10 అంటే రేవు మీదుగానో దాన్నానుకునో దాటుతుందని. 11 అంటే ఇంకా పెద్ద తుఫాను అని కాదు, ఆ రేవుకి తుఫాను హెచ్చరిక కేంద్రంతో సమాచారం తెగిపోయిందని. పక్క ఎందుకంత ముఖ్యమంటే, మన తీరంలో తుఫాను లోపలికొచ్చేటప్పుడు దాని కుడి పక్కన గాలి సముద్రం మీద నుంచి నేల మీదకి కొడుతుంది, నీళ్ళని ఎత్తుకొచ్చేది ఆ పక్కే. 1977 నవంబర్ 19న తుఫాను దాటింది చీరాల వైపు, పోయింది మాత్రం దివిసీమ. అప్పుడు అధికారిక లెక్కే దాదాపు 10,000 మంది. మా ఇంట్లో ఈ కథ నేను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నా, కానీ చీరాల దగ్గర దాటిన తుఫాను మా ఊరినెందుకు ముంచిందో ఎవరూ చెప్పలేదు, ఆ క్లాసులో మ్యాపు మీద వేలు పెట్టి చూపిస్తే అప్పుడు అర్థమైంది. తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, మీద నుంచి వెళ్ళేటప్పుడు గాలి ఆగిపోతే అయిపోయిందనుకుని బయటకి రావొద్దు, కాసేపటికి అవతలి వైపు నుంచి కొడుతుంది అని కూడా చెప్పారు, అది మా నాయనమ్మ ముందే చెప్పేది.

సరే ఇప్పుడు నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణమైన సెషన్. టైమ్‌టేబుల్‌లో అది లేనే లేదు. ఒక రోజు మధ్యాహ్నం రావాల్సిన గెస్ట్ రాలేదు, ఖాళీగా ఎందుకని క్యాంపు చూడ్డానికొచ్చిన ఒక రిటైర్డ్ వీఆర్వో గారిని కాసేపు మాట్లాడమన్నారు. ఆయన మైకు తీసుకోలేదు, పీపీటీ లేదు. మెస్సు నుంచి ముగ్గుపిండి తెప్పించి గ్రౌండ్‌లో వేప చెట్టు కింద మీ ఊరు వెయ్యండ్రా అన్నారు. ఊరివారీగా కూర్చుని వేశాం. కరకట్ట, మురుగు కాలవ, గుడి, స్కూలు, తుఫాను షెల్టరు. ఆయన ఒక్కో ముగ్గు దగ్గరకీ వచ్చి అడుగుతారు, నీళ్ళు ముందు ఎటు నుంచొస్తాయి? షట్టర్ ఎక్కడ? దానికి గుర్రపుడెక్క అడ్డం పడితే తీసేదెవరు? షెల్టరు తాళం ఎవరి దగ్గర? ఆ తాళం సంగతి మాలో ఎవరికీ తెలీదు. ఇంటర్ నుంచీ మ్యాపులు గీస్తున్నాం, మన ఊరి షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో తెలీదు.

తర్వాత కాగితాలిచ్చి ఒక వీధి ఇళ్ళు రాయమన్నారు. ఇంట్లో ఎంతమంది, మంచం మీదున్న ముసలివాళ్ళు, నెలలు నిండిన ఆడవాళ్ళు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళు, ఇన్సులిన్ వాళ్ళు, ఫోన్ లేనివాళ్ళు, గేదెలు ఎన్ని. ఇదంతా ఏ ఎన్‌జీఓ అయినా రాయిస్తుంది. ఆయన చివర్లో ఇంకో గడి గీయించారు, ఈ ఇంటివాళ్ళు ఎవరి మాట వింటారు? మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. 1990 మే తుఫానప్పుడు లక్షలమందిని ముందే ఖాళీ చేయించారు కదా, అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో ఉన్నా, జీపులో మైకు పెట్టుకుని తిరిగితే పది ఇళ్ళల్లో ఇద్దరు కదిలేవాళ్ళు, అదే వాళ్ళ కులపెద్దో, పాలకేంద్రం ఆయనో, చర్చి ఫాదరో, అప్పిచ్చినాయనో ఒక్క మాటంటే బండి కట్టేవాళ్ళు, మైకుకి కాదమ్మా మనుషులు కదిలేది అన్నారు. గంటన్నరే మాట్లాడారు, ఈలోగా గెస్ట్ కారొచ్చింది, మమ్మల్ని లేపేశారు, ఫోటో కోసం ముగ్గుల మీంచే నడిచెళ్ళారు అందరూ.

ఆ తర్వాత అక్టోబర్‌లో మొంథా. దసరా సెలవులై కాలేజీలు తెరిచాక వచ్చింది, మళ్ళీ సెలవులిచ్చేశారు, నేను విజయవాడ హాస్టల్ నుంచి ఇంటికెళ్ళిపోయా. 28వ తారీఖు రాత్రి నర్సాపురం దగ్గర దాటింది, మాకు గాలీ వానా గట్టిగా కొట్టింది గానీ నీళ్ళు రాలేదు, వరి పడిపోయింది. కాబట్టి నేనెవర్నీ నీళ్ళలోంచి లాగలేదు, సీపీఆర్ చెయ్యలేదు, బోలైన్ ముడి వెయ్యలేదు. వారం రోజులు నేర్పినదాంట్లో నూటికి ఎనభై వంతులు బ్యాగులోనే ఉండిపోయింది, పనికొచ్చింది ఆ గంటన్నరే.

మా ఇంటి సంగతే చెప్తా. ఊళ్ళు ఖాళీ చెయ్యమంటే ముసలివాళ్ళు మొండికేస్తారని అందరూ అనుకుంటారు కదా, మా దగ్గర రివర్స్. మా నాయనమ్మ 77 చూసిన మనిషి, ఆటోలో మైకు వినపడిందో లేదో సంచిలో మందులు, ఆధార్, రెండు చీరలు పెట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది, ఉప్పెన చెప్పి రాదే అమ్మాయ్ అంటుంది. కదలనిది మా నాన్న. ఆయన తరం వాళ్ళకి ఉప్పెన కథగా తెలుసు, కళ్ళతో చూసినవి మాత్రం ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అని పక్కకెళ్ళిపోయిన తుఫాన్లే. పైగా రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకి తీసుకున్నాడు. కరెంటు తీసేస్తారు, ఏరేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి సరుకంతా తేలిపోతుంది, జెనరేటర్ దగ్గర మనిషి ఉండాలి. ఇంకా రెండు గేదెలు. చెరువు గట్టు మీద షెడ్డులో ఉంటానని కూర్చున్నాడు. నేను ట్రైనింగ్ అయినదాన్ని కదా, గాలి వేగం, సర్జ్ అంటే ఉప్పెన ఎత్తు, ఆరెంజ్ అలర్ట్, రెడ్ అలర్ట్ అన్నీ చెప్పా. విన్నాడు. అన్నీ విని, నువ్వెళ్ళి మీ అమ్మకి సాయం చెయ్ అన్నాడు.

అప్పుడా గడి గుర్తొచ్చింది. మా నాన్న ఎవరి మాట వింటాడు? మా అమ్మ మాట వినడు, సర్పంచి మాట వినడు, రొయ్యల మేత కొట్టు నడిపే ఆయన మాట వింటాడు. పంటకి సరిపడా మేత అప్పు మీదిచ్చేది ఆయనే. ఆయనకి ఫోన్ చేసి, బాబాయ్, నాన్న చెరువు దగ్గర నుంచి కదలట్లేదు అన్నా. 27 సాయంత్రం ఆయన నాన్నకి ఫోన్ చేశాడు, స్పీకర్‌లో నేనూ విన్నా. "జెనరేటర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, నువ్వు పోతే నా బాకీ ఎవడు కడతాడయ్యా?" అంతే. ఆయనే ఆ గట్టు మీదున్న మిగతా రైతులకీ చేశాడు, ఒక్కడే వెళ్ళిపోతే వాడి చెరువొక్కటే పోతుందేమోనన్న భయం కూడా ఉంటుంది కదా, అందరూ కలిసి వచ్చేశారు. గేదెల్ని ముందు స్కూలు ఆవరణలోకి తోలేశాం, గేదెలు ఎక్కిన అరగంటకి మనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చేశారు. పశువులకి చోటు చూపిస్తే సగం పని అయిపోతుంది, ఇది మాత్రం క్యాంపులో ఎవరూ చెప్పలేదు, వీఆర్వో గారు కూడా.

లిస్టు వల్ల ఇంకో లాభం, మా వీధి చివర ఒకావిడకి నెలలు నిండాయి, ఆమె పేరు కాగితం మీదుంది కాబట్టి ఆశా అక్క ఒక రోజు ముందే అవనిగడ్డ ఏరియా ఆసుపత్రికి పంపించేసింది. లిస్టు కాగితం మీద రాసుకోండి, నేను చెప్తున్నా వినండి. క్యాంపులో గూగుల్ ఫారం చేయించారు, లింకు ఇప్పటికీ ఉంది, తుఫాను రాత్రి దాన్ని తెరవాలంటే టవర్ ఉండాలి కదా. హుద్‌హుద్ అప్పుడు 2014లో వైజాగ్ లాంటి సిటీలోనే ఫోన్లు మూగబోయాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా పిన్నీ వాళ్ళు మేడ మీద ఉండిపోయారు, తిండి లేకపోవడం కంటే ఛార్జింగ్ అయిపోవడమే ఎక్కువ భయపెట్టిందంటుంది పిన్ని, ఎక్కడున్నామో చెప్పడానికి లేదు కదా అని. పెన్ను, కాగితం, పైన ప్లాస్టిక్ కవరు.

ఊళ్ళో మా ఈడు వాళ్ళం ఆ రెండ్రోజులు చేసిన ఇంకో పని వాట్సాప్. గ్రూపుల్లో ఎక్కడివో పాత వీడియోలు, అలలు బిల్డింగుల మీదకొస్తున్నవి, మన మచిలీపట్నమే అని పెట్టేస్తారు, అవి చూసి కొంతమంది భయపడతారు, అబద్ధమని తేలాక అసలు హెచ్చరిక కూడా నమ్మరు, రెండోదే ప్రమాదం. మేం ఐఎండీ, అంటే వాతావరణ శాఖ, బులెటిన్ చూసుకుని దాన్ని మామూలు మాటల్లో వాయిస్ చేసి పెట్టేవాళ్ళం, ఇప్పుడు ఎక్కడుంది, ఎప్పటికి దాటొచ్చు, మనకేంటి, అంతే, నిమిషం లోపు. టెక్స్ట్ అయితే మా పెద్దమ్మ లాంటి వాళ్ళు చదవరు, వాయిస్ అయితే పొయ్యి దగ్గర కూర్చుని కూడా వింటారు. ప్రభుత్వ హెచ్చరికలొచ్చే సచేత్ యాప్ చాలామంది ఫోన్లలో పెట్టాం, పిడుగుల హెచ్చరికలకి దామిని యాప్. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా కెవ్వుమని అరిచి టెస్ట్ అలర్ట్ వచ్చింది గుర్తుందా, అప్పుడు సెట్టింగ్స్‌లోకెళ్ళి ఆపేసుకున్నవాళ్ళు మా వీధిలోనే బోలెడుమంది, మళ్ళీ ఆన్ చేయించాం.

రెండో మార్కు ఎందుకు కోశానంటే, పిల్లల్ని ఎంచుకునే పద్ధతి. డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలం, అటెండెన్స్ షీటు ఉంటుంది, పిలవడం తేలిక. కానీ మేం ఏడాదిలో పది నెలలు హాస్టళ్ళలో, డిగ్రీ అయ్యాక హైదరాబాదో బెంగళూరో. నేను తుఫానప్పుడు ఊళ్ళో ఉన్నానంటే సెలవులిచ్చారు కాబట్టి. మా క్యాంపుకొచ్చినవాళ్ళలో చాలామంది ఆ రోజు వాళ్ళ ఊళ్ళల్లో లేరు, గ్రూపులో స్టేటస్‌లు పెట్టారు, జాగ్రత్త అని. ఊళ్ళో ఎప్పుడూ ఉండేది ఎవరు? టెంట్ హౌస్ కుర్రాళ్ళు, వాళ్ళ దగ్గర జెనరేటర్, మైకు, లైట్లు, తాళ్ళు, వంట గిన్నెలు అన్నీ ఉంటాయి, ఒక షెల్టరు నడపడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆటోవాళ్ళు, జేసీబీ వాళ్ళు, వేటకెళ్ళే అబ్బాయిలు, లైన్‌మన్ వెనక తిరిగే హెల్పర్లు. 2024లో ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాష్ నగర్ బ్రిడ్జి మీద తొమ్మిదిమంది ఇరుక్కుపోతే వాళ్ళని తీసుకొచ్చింది ఒక జేసీబీ డ్రైవరే కదా, ఏ సర్టిఫికెట్ ఉంది ఆయనకి. మా క్యాంపులో ఇలాంటివాడు ఆ పాలెం అబ్బాయి ఒక్కడే, వాడూ డిగ్రీలో చేరాడు కాబట్టి వచ్చాడు. పదో తరగతి పిల్లల్ని అసలు పిలవరు, 18 నిండాలంటారు, బోటు ఎక్కించాలంటే నిజమే, కానీ వీధి లిస్టు రాయడానికి, బామ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడానికి 18 ఎందుకు? ఊరికెళ్తే మిగిలేది వాళ్ళే.

పొరుగున ఒడిశాలో గంజాం జిల్లా వెంకటరాయపూర్, జగత్సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి అని రెండు ఊళ్ళని 2020లో యునెస్కో వాళ్ళు సునామీ రెడీ అని గుర్తించారు, ఆ తీరం నోలియా మత్స్యకారుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళే ఎక్కువ. అక్కడ ఊరు ఊరంతా కూర్చుని ఎటు పరిగెత్తాలో మ్యాపు వేసుకుని డ్రిల్లు చేస్తేనే ఆ గుర్తింపు, నలుగురు పిల్లల్ని క్యాంపుకి పంపితే ఇవ్వరు. సునామీ హెచ్చరిక కేంద్రం ఉన్నది మన హైదరాబాద్‌లో, సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థలో, మన ఊళ్ళల్లో మాత్రం ఇలాంటి డ్రిల్లు నేను ఒక్కటీ చూడలేదు. 2004లో మంగినపూడి బీచిలో స్నానాలకెళ్ళినవాళ్ళని తలుచుకుంటే బాధేస్తుంది, సముద్రం వెనక్కెళ్తే చూడ్డానికి ముందుకెళ్ళకూడదని చెప్పే పిల్లాడు ఒక్కడున్నా చాలు.

కిట్ గురించి. టీషర్టు, టోపీ, బ్యాగు, విజిల్, టార్చి, ఫస్ట్ ఎయిడ్ పౌచ్, కొంచెం తాడు ఇచ్చారు. టీషర్టు, బ్యాగు మీద లోగో మాత్రం భలే పెద్దది. టార్చి మొంథా రాత్రి ఆన్ అయింది, కాసేపటికి మినుకు మినుకుమని ఆగింది. తాడు సన్న నైలాన్‌ది, బట్టలారేసుకోవడానికి బావుంటుంది, మనిషి బరువుకి నమ్మకండి, చెయ్యి కోసేస్తుంది కూడా. విజిల్ ఒక్కటి బంగారం, గాలి హోరులో గొంతు వినపడదు, విజిల్ వినపడుతుంది, మేం మూడు ఊదితే సాయం కావాలని గుర్తు పెట్టుకున్నాం. మీరెళ్ళినా వెళ్ళకపోయినా ఇంట్లో మనిషికొకటి కొనిపెట్టుకోండి, షాపులో పదీ ఇరవై రూపాయలు.

సర్టిఫికెట్ మూడు నెలలకి వచ్చింది, నా ఇంటిపేరు తప్పు. క్యాంపు వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు గుడ్ మార్నింగ్‌లు, ఉద్యోగ ప్రకటనలు. రీఫ్రెషర్ పెడతామన్నారు, పెట్టలేదు. సీపీఆర్ లాంటివి ఏడాదికోసారైనా మళ్ళీ చెయ్యకపోతే మర్చిపోతాం, నేనిప్పుడే నడుం ఎంత వంచాలో డౌట్ పడుతున్నా.

వెళ్ళేవాళ్ళకి: గ్లూకోజ్ లేదా ఓఆర్ఎస్, సొంత వాటర్ బాటిల్, దోమల మందు, రెండు జతల ట్రాక్ ప్యాంట్లు, వేసుకున్న చెప్పులు కాకుండా షూ. మీ వీధి ఇళ్ళ వరస ఒక కాగితం మీద ముందే రాసుకుని వెళ్ళండి, అక్కడ ఎవరూ అడగకపోయినా. షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని వెళ్ళండి. వాళ్ళు అమ్మాయిలు ఫస్ట్ ఎయిడ్ అనే లోపే మొదటి రోజే బోటు టీములో పేరు ఇచ్చెయ్యండి, ఒక్కళ్ళే ఇస్తే తీసేస్తారు, నలుగురైదుగురు కలిసి ఇవ్వండి. ఎమర్జెన్సీ నెంబర్లు 112, 108, 1070, జిల్లా కంట్రోల్ రూముకి 1077, అవి ఫోన్‌లోనే కాక ఇంటి తలుపు వెనక కూడా రాయండి. రిటైరైన వీఆర్వోలు, పాత టీచర్లు ఎవరైనా క్యాంపుకొస్తే టీ తాగించి కూర్చోబెట్టండి, వదలకండి. ఇంకేమన్నా అడగాలంటే కింద అడగండి, పరీక్షలున్నాయి, ఆదివారం రిప్లై ఇస్తా.